పసుపు గీతలు

ఏమండీ, మీ ఇల్లాలు నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేనూ అమ్మాయీ క్షేమం. ఈ మాట ప్రతిసారీ అలవాటుగా రాసేస్తాను గానీ, ఈసారి పక్కగదిలో జడ వేసుకుంటున్న పిల్లను ఒకసారి వెళ్ళి చూసొచ్చి మరీ రాశాను. గనిలో మీరూ, మీ చేతికిందికొచ్చే బండ్లూ క్షేమమని తలుస్తాను.

ముందు మీరడిగినవాటికి జవాబులు. నా మోకాలు మెట్లెక్కేటప్పుడు మాత్రం ఉన్నానని గుర్తు చేస్తోంది. పైకప్పు కారడం లేదు. అమ్మాయి జీపు నెమ్మదిగానే నడుపుతోంది, కనీసం వీధి చివరిదాకా. ఆ తర్వాతి సంగతి పక్కన కూర్చునే నర్సమ్మకే తెలియాలి. మందులపెట్టె వేసుకుని ఇద్దరూ కొండమీది ఊళ్ళకు వెళ్ళొస్తూనే ఉన్నారు. అచ్చం మీ కూతురేనండీ, తిట్టినా వినదు, బతిమాలినా వినదు.

ఇక జీపు. ఇంజను మీద నూనె ఎక్కడినుంచి వస్తోందో తెలియాలంటే ముందు కడిగి చూడమన్నారు కదా. ఆదివారం కొంగు బిగించి ఆ పనికి దిగాను. ఇంజను చల్లారిందో లేదో చెయ్యి పెట్టి చూసుకుని, బ్యాటరీ తీగ ఊడదీసి, నీళ్ళు తగలకూడదన్న చోటల్లా ప్లాస్టిక్ సంచులు కట్టాను. కిరసనాయిలు పూసి, బ్రష్షుతో తోమి, సబ్బునీళ్ళు కొడితే మట్టీ నూనే కలిసి పెచ్చులు పెచ్చులుగా ఊడింది. అంట్లు తోమే చెయ్యి కదా, ఓ పట్టాన ఆగదు. మీ ఇంజను నల్లది కాదండీ, ఆకుపచ్చది. ఇన్నేళ్ళ కాపురంలో ఈ సంగతి నాకు చెప్పనేలేదు. నూనె పై మూత అంచునుంచి ఊరుతోంది. అది పెద్ద భయపడాల్సింది కాదని అమ్మాయి అంటోంది.

భయపడాల్సింది వేరే ఉంది. నిన్న పొద్దున అమ్మాయి బానెట్ ఎత్తి అలాగే నిలబడిపోయింది.

“అమ్మా, నాన్న గీసిన గీతలేవి?”

“ఆ పసుపు మరకలా? అవి వదిలేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. తోమి తోమి తీసేశాను.”

నట్టు బిగించాక దానిమీదుగా పక్కనున్న ఇనుము మీదికి మీరు రంగుతో గీత గీస్తారనీ, నట్టు వదులైతే ఆ గీత తెగి కనిపిస్తుందనీ, రోజూ అది చూసుకునే బండి తియ్యమన్నారనీ అప్పుడు చెప్పింది. మీ తండ్రీకూతుళ్ళ మధ్య నడిచిన ఈ చదువు నాకెవరు చెప్పారు? నాకు మరకకీ గుర్తుకీ తేడా తెలియలేదు. నర్సమ్మ అప్పటికే వాకిట్లో నిలబడి ఉంది. పైన ఎవరికో సూదిమందు అందాలట. ఫరవాలేదులే అంటూ పిల్ల బండి తీసుకుని వెళ్ళిపోయింది.

ఇక ఆ పూట నా కాలు ఒకచోట నిలవలేదు. పొయ్యిమీద అన్నం మాడినా నాకు వాసన తెలియలేదు. ఏ బండి చప్పుడు విన్నా గుమ్మంలోకి పరుగెత్తాను. కొండవైపునుంచి ఎవరొచ్చినా ముందు వాళ్ళ మొహం చూశాను, ఏం చెబుతారోనని. చాలా భయపడ్డానండీ.

సాయంత్రానికి తిరిగొచ్చింది. దిగుతూనే, దిగువ మలుపులో స్టీరింగ్ తన మాట కాస్త ఆలస్యంగా విన్నదని నవ్వుతూ చెప్పింది. నాకు నవ్వు రాలేదు. ఇద్దరం పానాలు పట్టుకుని స్టీరింగ్ పెట్టె దగ్గర నట్లన్నీ చూశాం. అన్నీ గట్టిగానే ఉన్నాయి. ఒక్కటి మాత్రం నా వేళ్ళకే తిరిగింది, సీసా మూత తిరిగినట్టు. ఇన్నాళ్ళూ దాన్ని పట్టి ఉంచింది ఆ మురికే. దాన్ని నేను శుభ్రంగా కడిగేశాను. ఇద్దరం కలిసి బిగించాక అమ్మాయి కొత్త గీతలు గీసింది. “నీ తోముడికి నట్లు కూడా ఊడొచ్చేలా ఉన్నాయమ్మా” అని ఆటపట్టించింది. నేనూ అవునన్నాను.

కానీ అది నిజం కాదు. ఇంతసేపూ మోకాలి కబుర్లు రాసుకుంటూ కూర్చున్నది ఈ మాట రాయడానికి చెయ్యి రాకే. ఆ నట్టు మీది గీత నాకు బాగా గుర్తుంది. అన్నిటికంటే మొండిగా వదలనిది అదే. అది తెగలేదండీ, తిన్నగా ఉంది. గీత తిన్నగా ఉండి నట్టు వదులుగా ఉందంటే, దాన్ని బిగించకుండానే గీశారన్నమాట. మీరు ప్రయాణమైన రోజు జీపు బాగుచేస్తుంటే వంటింటి కిటికీలోంచి చూశాను. ముందు బ్రష్షు, ఆ తర్వాత పానా. గ్రీజు పూస్తున్నారనుకున్నాను. డబ్బాలో రంగు గడ్డకట్టేలోగా గీతలన్నీ గీసేసి, తర్వాత వరసగా ఒక్కో నట్టూ బిగించి, చెదిరిన గీతను దిద్దుకుంటూ పోతున్నారని ఇప్పుడు తెలిసింది. మధ్యలో భోజనానికి పిలిచింది నేనే. తిరిగివెళ్ళాక ఎక్కడ ఆపారో మరిచిపోయి ఉంటారు. గీత కనబడింది, బిగించేశాననుకుని ఉంటారు.

మీ పసుపు గీత చూడందే మనుషుల్ని ఎక్కించుకున్న ఏ బండీ గనిలోకి దిగదని పోయిన ఉత్తరంలో గొప్పగా రాశారు. చదివి మురిసిపోయాను, అమ్మాయికి కూడా వినిపించాను. అక్కడా గీతే ముందా? మధ్యలో మిమ్మల్ని ఎవరూ పిలవరా? నిన్నటినుంచీ మీ ఆఫీసుకు చేస్తూనే ఉన్నాను, ఫోను కలవడం లేదు. మీ గనికొచ్చే సామాన్ల లారీ ఇంకాసేపట్లో ఇక్కడినుంచి బయలుదేరుతుంది. ఎల్లుండికి గాని అక్కడికి చేరదట. ఈలోగా ఎన్నిసార్లు ఎందరు దిగుతారో నాకు తెలియదు. ఉత్తరం మీ చేతిలోనే పెట్టమని డ్రైవరుకు మరీమరీ చెబుతాను.

మీ పనికి వంకపెట్టానని కోపమొస్తే తర్వాత ఎంతైనా తిట్టండి, పడతాను. ఇది చదివి జవాబు రాయడానికి మాత్రం కూర్చోకండి. ముందు వెళ్ళి బండ్లు ఆపించండి.

ఇట్లు,
భయంతో,
మీ ఇల్లాలు