బూడిదతో తోమిన పళ్లెం

అన్నా,

నువ్వు ఎయిడ్స్‌తో పోయి ఇవాళ్టికి ఐదేళ్లు. హిందూపురంలో నర్సు కోర్సు చదివే నా కూతురు సెలవుకు ధర్మవరం వచ్చి, తన పాఠం నాకు చెప్పింది. ఆ వైరస్‌కు పైన కొవ్వు పొర ఉంటుందట. రక్తంలో తనకు కావలసిన కణాన్ని పట్టుకుని, దాని పొరలో తన పొర కలిపేసి, లోపలికి దూరుతుందట.

“మామ మగ్గం మీద పాత పోగుకు కొత్త పోగు అతికినట్లేమ్మా. పళ్లెంలో ఆ కణాలు యాడుంటాయి, అతుక్కునేకి? సబ్బు తగిల్తే పొర కరిగి సచ్చిపోతాది,” అంది.

ఒళ్లు మండిపోయింది. పెనుకొండలో నిన్ను చూసిన డాక్టరు చీటీ బల్ల మీదికి విసిరి, “ముట్టుకోవద్దండి, పళ్లెం వేరే పెట్టండి” అన్నాడే, ఆయన ఈ పాఠం చదవకుండానే డాక్టరయ్యాడా? నేను అంతకంటే ఘనురాలిని. మా సబ్బుకు కూడా అంటుకుంటుందని, నీ పళ్లెం బూడిదతో తోముకోమన్నాను. నీకైనా కోపం రాలేదేం? “నువ్వు దూరం ఉండు పాపా, పిల్లలుండారు” అంటూ తోముకున్నావు.

నువ్వు పోయాక ఆ పళ్లెం కూడా నీ గుంతలోనే వేయించాను. ఇప్పుడు సబ్బుతో దేన్ని తోమమంటావు?