పాట ఆగితే బ్రేకు

ఓడ మేస్త్రీగారికి,

నీ ఉత్తరం అందింది. "సెలవులు కదా, అందరూ హాయిగా ఉండి ఉంటారు" అని రాశావు. నీళ్ళ మీద కూర్చుని ఎన్నయినా రాస్తావు బాబూ! ఇక్కడ సెలవులింకా మొదలే కాలేదు, ఇల్లు అప్పుడే పీకి పందిరేస్తున్నారు నీ కూతుళ్ళు. పెద్దది సంచీ సర్దుతుంది, చిన్నది అందులోవన్నీ బయటకి లాగి తన బొమ్మలు కుక్కుతుంది. వీధిలో కొట్లన్నిటికీ రంగు దీపాలు కట్టారు. మా మందుల షాపులో కూడా దగ్గుమందు సీసాల చుట్టూ దీపాల దండ చుట్టాడు మా యజమాని. ఎవరికైనా దగ్గు వచ్చిందంటే సంబరమే మరి.

సెలవుల మొదటిరోజు నాన్న పిల్లల్ని కారులో కొండదారి మీదుగా సముద్రానికి తీసుకెళ్తానన్నారు. ఇక చూసుకో, ఇంట్లో వేరే మాట లేదు. నాన్న డ్రైవింగ్ స్కూలు మూసేశాక మిగిలిన ఒక్క కారూ అదే కదా, పొద్దున్నే దాన్ని తుడవడం, పసిపిల్లకి లాల పోసినట్టు. తలుపు మీద స్కూలు పేరు చెరిపేసినా అక్షరాల అచ్చు ఇంకా కనిపిస్తూనే ఉంటుంది, ఆయన గుడ్డ ఎప్పుడూ అక్కడే ఇంకొంచెంసేపు తిరుగుతుంది. పాటల సంగతి చెప్పక్కర్లేదు. అవే పాటలు, అదే వరస. పిల్లలు తమ పాటలు పెట్టమంటే "నా కారు, నా పాటలు" అంటారు. పడవ పాట, తర్వాత వాన పాట, తర్వాత ఆ రైలు పాట. నాకు కలలో కూడా అదే వరసలో వస్తున్నాయి.

అమ్మ సంగతి ఇంకా తమాషా. నీకు గుర్తుందా, కారెక్కిందంటే వెనక సీట్లో ఒరిగి, వీధి మలుపు తిరక్కముందే గుర్రుపెట్టేది. ఇప్పుడు ముందు సీటు దిగదు. కారు కదిలిన దగ్గర్నుంచి ఆగేదాకా పాటతో పాటు గొంతు కలిపి పాడుతూనే ఉంటుంది. పాటకీ పాటకీ మధ్య ఖాళీ వస్తే కూనిరాగం. ముసలితనంలో సరసం ముదిరిందని నేను ఏడిపించాను కూడా. అమ్మ నవ్వలేదు.

సరే, అసలు సంగతికి వస్తాను. నిన్న నాకు సెలవైతే అందరం అలా తిరిగొద్దామని బయల్దేరాం. రోజూ బస్సులో పోయేదాన్ని, నాకు కారులో కూర్చోవడమే పండగ. కిటికీలోంచి దీపాలు చూస్తున్నాను. పడవ పాట వచ్చింది. నాకూ ఇష్టమే కదా ఆ పాట. అమ్మ పాడుతోంది, మధ్యలో ఉన్నట్టుండి ఆపేసింది. మర్చిపోయిందేమో అనుకుని నేను అందుకున్నాను. గట్టిగా, హుషారుగా. తర్వాత ఏం జరిగిందో నాకు వరసగా గుర్తులేదు. అమ్మ "ఏవండీ!" అని అరిచింది, కారు కీచుమని ఆగింది, చిన్నది వెళ్ళి ముందు సీటుకి కొట్టుకుంది, ఠప్ ఠప్ ఠప్ మని పేలుళ్ళు. కారు ముందు ఒక బుడగలవాడు సైకిలుతో సహా రోడ్డు మీద కూర్చుని ఉన్నాడు. దెబ్బేం తగల్లేదు. సైకిలు చక్రం వంగింది, సగం బుడగలు పేలిపోయాయి, తక్కినవి ఎగిరిపోయాయి. చిన్నది ఏడుపు మానేసి వాటికేసి చూస్తూ చప్పట్లు కొట్టింది.

నాన్న ఏమన్నారో తెలుసా? "ఎండ కళ్ళలో కొట్టింది" అన్నారు. పొద్దుట్నుంచీ మబ్బు పట్టి ఉంది!

అమ్మ వెనక్కి తిరిగింది. మొహం పాలిపోయింది. నన్ను చూసి, "నేను పాడుతుంటే మధ్యలో నువ్వెందుకు అందుకున్నావే?" అంది. అంత ప్రమాదం తప్పితే ఆవిడకి దొరికింది నేనూ, నా పాటా! నాకు ఒళ్ళు మండింది. అప్పట్నుంచీ ఆ మాటే చెవిలో తిరుగుతోంది. ఏదో ఉంది. నా మనసు కీడు శంకిస్తోంది.

నీ గయ్యాళి


ఓడ మేస్త్రీకి,

ఈ ఉత్తరం ఏ రేవులో అందుతుందో నీకు. అందేసరికి అయ్యేదేదో అయిపోయి ఉంటుంది. అయినా రాస్తున్నాను, ఎవరితో చెప్పుకోను?

నాన్నకి కళ్ళు కనిపించడం లేదు.

పూర్తిగా కాదు. నడిమధ్యలో ఏమీ లేదట, మసక. చుట్టూ అంచుల్లో మాత్రం కనిపిస్తుందట. ఎదుటి మనిషిని చూడ్డానికి తల పక్కకి తిప్పి చూస్తుంటే నేను అది మాస్టారి దర్జా అనుకున్నాను. పేపరు చేత్తో పట్టుకుని అమ్మ చేత చదివించుకుంటుంటే అది మగవాళ్ళ బద్ధకం అనుకున్నాను. కళ్ళున్న గుడ్డిదాన్ని నేనే.

ఎలా తెలిసిందంటావా? మొన్న కూరగాయలకి వెళ్తుంటే నేనూ వస్తానని ఎక్కాను. అమ్మ వెనక కూర్చుని, నోటికి తాళం వేసుకుని రోడ్డు చూశాను. అమ్మ పాడుతోంది, కారు పోతోంది. ముందు బస్సు ఆగింది, అమ్మ ఆపేసింది. ప్లేయర్లో పాట సాగుతూనే ఉంది, ఆగింది అమ్మ గొంతు ఒక్కటే. నాన్న కాలు బ్రేకు మీదకి వెళ్ళింది. బస్సు కదిలింది, అమ్మ అందుకుంది, కారు కదిలింది. కుక్క అడ్డొస్తే ఆపింది. బడిపిల్లలు దాటుతుంటే గొంతు తగ్గించింది, కారు నెమ్మదించింది. ఎర్రదీపం దగ్గర నోరు మూసుకుని పైకి చూస్తూ కూర్చుంది, పచ్చదీపం పడగానే సరిగ్గా పాట ఉన్నచోట కలుపుకుంది. ఆ రోజు బుడగలవాణ్ణి చూసి అమ్మ ఆపింది. నేను అందుకున్నాను. నా గొంతు అచ్చం అమ్మ గొంతే అంటారుగా అందరూ. దారి ఖాళీగా ఉందని నేనే చెప్పాను నాన్నకి!

ఇంటికొచ్చాక వంటింట్లో పట్టుకున్నాను అమ్మని. మొదట "నీకేమైనా పిచ్చా" అంది. తర్వాత గరిటె కింద పెట్టి, కొళాయి తిప్పేసింది, నీళ్ళ చప్పుడులో నాన్నకి వినిపించకూడదని.

"రెండేళ్ళయిందే. కళ్ళ డాక్టరు ఇక చూపు రాదన్నాడు. బండి ముట్టుకోవద్దన్నాడు. ఆయనకి ముద్ద దిగలేదు. గోడకేసి తిరిగి పడుకున్నారు. నేనే అన్నాను, లేవండి, నేను చూస్తాను, మీరు నడపండి అని."

"నువ్వు చూస్తే ఆయన నడపడమేంటమ్మా?"

"ఊళ్ళో సగంమంది ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళేనే. రోడ్డు మీద హారన్ కొట్టి 'మాస్టారూ' అని పలకరిస్తారు. ఆ పిలుపు కోసమే పొద్దున్నే లేస్తున్నారు ఆయన."

"ఆ పలకరించేవాణ్ణే గుద్దేస్తే?"

"నేనున్నానుగా."

"నీకు తుమ్మొస్తే? దగ్గొస్తే? నీకు తుమ్మొస్తే మా గతేంటమ్మా?"

నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చేసింది. "నిద్రలో కూడా పాడుతున్నానే, ఆపితే ఏమవుతుందోనని" అంది. అంతలో కళ్ళు తుడుచుకుని మళ్ళీ మొదటికొచ్చింది. "ఈ ఒక్క ప్రయాణం కానివ్వు. పిల్లలకి మాటిచ్చారు. వచ్చాక నేనే నచ్చచెప్పి మాన్పిస్తాను. ఆయనతో ఏమీ అనకు, నీకు తెలిసిందని తెలిస్తే తట్టుకోలేరు." నా చేత ఒట్టు వేయించుకోబోయింది. చెయ్యి వెనక్కి లాగేసుకున్నాను.

కొండదారి నీకు తెలుసు. ఒక పక్క గోడ, ఒక పక్క ఏమీ లేదు. నా పిల్లలిద్దరూ, అమ్మా, నాన్నా, అందరి ప్రాణాలూ ఒక ముసలావిడ గొంతు మీద వేలాడుతుంటే నేను వెనక కూర్చుని సముద్రం చూడాలా? అలాగని పిల్లల్ని దింపేసుకుంటే ఆయనకి తెలిసిపోతుంది. తాళాలు దాచేస్తే దొంగనవుతాను. నాన్న కోపం నీకు తెలియనిదా, ఒకసారి గేరు తప్పు వేశానని నడిరోడ్డు మీద దింపేసిన మనిషి. డ్రైవింగ్ మాస్టారి కూతురు లైసెన్సుండీ స్టీరింగ్ ముట్టుకోవడం మానేసిందంటే ఆ రోజు పుణ్యమే. ఇప్పటికీ ఆయన గొంతు పెంచితే నేను వంటింట్లోకి పారిపోతాను.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఎల్లుండే ప్రయాణం. నీ జవాబు వచ్చేలోపు ఆ రోజు దాటిపోతుంది కాబట్టి నిన్నేమీ అడగను. ఒక్కటి మాత్రం నిశ్చయించుకున్నాను. ఆయన ఆ సీట్లో కూర్చుంటే ఆ కారు కదలదు. ఎలా ఆపుతానో నాకే తెలీదు.

నీ భార్య


నా ఓడ మేస్త్రీకి,

అందరం క్షేమం. ముందు ఆ మాట రాసేశాను, ఇక నెమ్మదిగా చదువు.

పొద్దున్నే పిల్లలు కొత్త టోపీలు పెట్టుకుని వెనక సీటెక్కేశారు. సంచులెక్కాయి. పెద్దది ప్లేయర్ పెట్టేసింది, ఆ పాతదానికి కారు తాళం అక్కర్లేదు కదా, పడవ పాట మొదలైంది. అమ్మ నీళ్ళ సీసాతో వచ్చి నాకేసి చూసింది, కళ్ళతోనే బతిమాలింది. నాన్న ఇంట్లోంచి వస్తున్నారు, ఇస్త్రీ చొక్కా, నున్నగా దువ్విన తల. నాకు ఏ ఉపాయమూ తట్టలేదు. తలుపు తీసి డ్రైవరు సీట్లో కూర్చున్నాను. అంతే.

ఆయన వచ్చారు. తలుపు తీశారు. కూర్చోబోతే చెయ్యి నా భుజానికి తగిలింది.

"ఎవరది?" అన్నారు. రెండు జానల దూరంలో ఉన్నాను నేను!

"నేనే నాన్నా."

"అక్కడేం పని? దిగు."

"దిగను."

నాన్న గొంతు పెంచారు. "నువ్వు ఈ కారు నేర్చుకునేటప్పుడు గేటు పడగొట్టావు, గుర్తుందా?"

"గేటు కదలదు కాబట్టి సరిపోయింది. బుడగలవాడు కదులుతాడు నాన్నా."

అమ్మ "ఊరుకోవే" అని నా వైపు వచ్చింది. అప్పుడే వీధిలోంచి ఎవరో పాత శిష్యుడు హారన్ కొట్టి "మాస్టారూ! సెలవులా?" అని అరిచాడు. నాన్న నవ్వుతూ చెయ్యెత్తారు. ఆ కారు అప్పటికే మలుపు తిరిగిపోయింది. చెయ్యి ఖాళీ రోడ్డుకేసి ఊగుతోంది. అది చూశాక ఇక నేను ఆగలేకపోయాను.

"నాన్నా, ఆ రోజు అమ్మ ఆపేసింది. పాడింది నేను."

ఆయన చెయ్యి దింపారు. మా వెధవ పాట మాత్రం సాగుతోంది. అమ్మ మొహానికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"తెలుసు" అన్నారు. "మీ అమ్మకి ఆ పాటలో శ్రుతి తప్పదు. నీకు తప్పుతుంది."

"తెలిస్తే మరి ఎందుకు ఆపలేదు నాన్నా?"

"ఒక గొంతు ఆగింది, ఒక గొంతు సాగింది. మీ అమ్మ దాహమేసి ఆపిందేమో, నీకు కూడా చెప్పి పెట్టిందేమో అనుకున్నా. నా కూతురు రోడ్డు చూసే పాడుతోందనుకున్నానే."

నేను దీపాలు చూస్తూ పాడాను. స్టీరింగ్ మీద తల పెట్టి ఏడ్చేశాను. హారన్ మోగింది. చిన్నది కిసుక్కున నవ్వింది, పెద్దది దాని నోరు మూసింది.

"హారన్ తర్వాత. ముందు సీటు సర్దుకో, నీ కాళ్ళు పొట్టి" అన్నారు నాన్న. జేబులోంచి తాళాలు తీశారు. ఇవ్వబోతే చెయ్యి నా చెయ్యి ఉన్నచోటికి కాక కాస్త పక్కకి చాచారు. నేను నా చేతిని అక్కడికి జరిపాను. తర్వాత ఆయన కారుని తడుముకుంటూ ముందు నుంచి చుట్టూ తిరిగి వెళ్ళి పక్క సీట్లో కూర్చున్నారు. ఊళ్ళోవాళ్ళకి నేర్పినన్నాళ్ళూ కూర్చున్న సీటే అది. బెల్టు ఎక్కడుంటుందో వెతుక్కోవలసిన పని లేకపోయింది.

దారంతా తిట్లే. "క్లచ్ మీద కాలు తియ్యి, అదేమన్నా చాపా? ఇంజను మొత్తుకుంటోంది, వినబడటం లేదూ? గేరు మార్చు. ఇక్కడ చల్లగాలి తగిలిందంటే మలుపొస్తోంది, తగ్గించు." చూడకుండానే దారంతా చెప్పారు, కొండ మీద ఒక్క మలుపూ వదల్లేదు. ఆయన ఎంత గొంతు పెంచినా, నీ మీదొట్టు, ఈసారి నాకు పారిపోవాలనిపించలేదు.

అమ్మ ఏం చేసిందో తెలుసా? పిల్లలిద్దరి మధ్యా ఇరుక్కుని కూర్చుంది. వీధి మలుపు తిరగలేదు, గుర్రు. రెండేళ్ళ నిద్ర! చిన్నది ముక్కు పట్టుకున్నా లేవలేదు.

కొండ దిగేముందు మళ్ళీ పడవ పాట వచ్చింది. ఈసారి నాన్న అందుకున్నారు. ఆయన గొంతు అంత బాగుంటుందని నాకు తెలీదు. ఇన్నాళ్ళూ అమ్మ పాట వినడానికే ఆయన నోరు మూసుకున్నారు కాబోలు. నేను రోడ్డు చూస్తూ వింటున్నాను. ఉన్నట్టుండి నాన్న ఆపేశారు.

నా కాలు బ్రేకు మీద పడింది. కారు ఎగిరి ఆగింది, టోపీలు ముందుకొచ్చి పడ్డాయి. రోడ్డంతా వెతికాను. ఏమీ లేదు. మనిషి లేడు, కుక్క లేదు.

"ఏమైంది నాన్నా?"

"ఏమీ లేదే" అన్నారు, సిగ్గుపడుతూ. "చరణం మర్చిపోయాను."

వెనక నుంచి అమ్మ, కళ్ళు మూసుకునే, తర్వాతి మాట అందించింది. నాన్న అందుకున్నారు. నేను గేరు వేశాను.

వచ్చే సెలవులకి నువ్వుంటావుగా. వెనక సీట్లో కూర్చుందువుగాని. నోరు మాత్రం విప్పకు, నీ శ్రుతి నాకంటే అన్యాయం.

నీ డ్రైవరు