ఫొటోలో ఉన్న మనిషి

గుర్తింపు కార్డుల శాఖాధికారి గారి సముఖమునకు, క్షౌరశాల నడుపుకొను ఒక తండ్రి వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: బుగ్గలు తగ్గిన కారణమున నా చిన్న కుమార్తెకు నిలిపివేసిన కార్డు గురించి.

1. నాకు ఇద్దరు ఆడపిల్లలు, కవలలు. ఒకటే మొహం, ఒకటే బుగ్గలు. ఇంట్లో పెద్దమ్మడు, చిన్నమ్మడు అని పిలుచుకునేవారము. పెద్దమ్మడు నిరుడు జ్వరంతో పోయినది. ఆమె కార్డును తమ కార్యాలయమునందే అప్పగించియున్నాను.

2. అటు పిమ్మట నా భార్య చిన్నదాని బుగ్గలు పట్టుకుని "పెద్దమ్మడూ" అనడం, అని నాలుక కరుచుకోవడం, ఆపై దిండులో మొహం దాచుకుని ఏడవడం నిత్యకృత్యమైనది. చిన్నది అద్దానికి గుడ్డ కప్పినది. "నాన్నా, అమ్మ నన్ను చూడట్లేదు. నాలో దాన్ని చూసుకుంటోంది" అన్నది. నేను కత్తి నూరుకుంటూ వింటిని.

3. సదరు చిన్నది మాతో మాట మాత్రమైనా అనక, ఆసుపత్రికి పోయి బుగ్గల లోపలి కొవ్వు తీయించుకున్నది. వాపు తగ్గాక దవడలు తేలి, ఎవరో పరాయి పిల్ల మా ఇంట్లో భోజనానికి కూర్చున్నట్టు ఉన్నది. ఆసుపత్రివారి ధ్రువపత్రమున "సౌందర్య నిమిత్తం" అని కలదు. అది శుద్ధ అబద్ధమని మనవి.

4. కొత్త ఉద్యోగంలో చేరబోగా, కార్డులో ఫొటోకూ పిల్లకూ పోలిక లేదని వెనక్కి పంపారు. ఫొటో మార్పించుటకు ముగ్గురమూ తమ కౌంటరుకు వచ్చితిమి. గుమాస్తాగారు కార్డునూ పిల్లనూ మార్చి మార్చి చూసి, "ఈ అమ్మాయి కాదండీ. ఫొటోలో ఉన్న మనిషిని తీసుకురండి" అన్నారు. వారి తప్పేమీ లేదు, వారికేం తెలుసు. ఆ మాటకు నా భార్య అక్కడే కూలబడిపోయినది. తీసుకురాగలిగితే అయ్యా, ఎంత దూరమైనా పోయి తీసుకువచ్చి ఉందుము.

5. కవలలకైననూ వేలిముద్రలు ఎవరివి వారివేనట. మొహం ఇద్దరిదీ అయినా, వేళ్లు మొదటినుంచీ చిన్నదానివే. కావున వేలిముద్రలు సరిచూసి, ఇప్పుడున్న మొహంతోనే దానికి కార్డు దయచేయించవలెనని వేడుకొనుచున్నాను. ఉద్యోగం చేజారక మునుపే ఈ నా మొరను చిత్తగించవలెను.

తమ విధేయుడు,
కవలల తండ్రి

తా.క.: కొత్త కార్డు ఇచ్చేటప్పుడు పాతది రద్దు చేసి తమవద్దే ఉంచుకుంటారట. మొన్న అన్నాల దగ్గర నా భార్య ఏమాత్రం తడబడకుండా "చిన్నమ్మడూ, ఇంకొంచెం పెట్టుకో" అన్నది. ఎన్నాళ్లకో. పిల్ల కంచంలోకి తల వంచుకుని ఏడ్చింది. అది లేచి వెళ్లాక నా భార్య నన్నడిగింది: "పెద్దదాని గుర్తుగా ఇద్దరూ ఉన్న ఫొటో గోడకు పెట్టుకున్నాం. చిన్నదాని బుగ్గల గుర్తుగా ఏం పెట్టుకుందాం?" ఇద్దరినీ విడదీసి ఫొటో తీయించిన పాపాన మేమెప్పుడూ పోలేదు బాబూ. చిన్నది ఒక్కతే ఉన్న ఫొటో ఆ కార్డు మీదిదే. దాన్ని మాకు ఇప్పించండి. రద్దయినట్టు కన్నం పొడవాలంటే పొడవండి, మొహం మీద మాత్రం పొడవకండి.