మీ లినక్స్ మీద నా ఫిర్యాదు

బాగ్‌బేరా,
సెప్టెంబర్ 22.

అల్లుడు సూర్యప్రకాష్ గారికి,

ఫోన్లో చెప్పడానికి సిగ్గేసి రాస్తున్నాను. మీ లినక్స్‌ను నాలుగు రోజులు తిట్టాను. దాన్ని నా కంప్యూటర్లో ఎక్కించినందుకు మిమ్మల్నీ కలిపే తిట్టాను. డిస్కులన్నీ చూపిస్తుందని మీరు చెప్పిన ఎల్ఎస్‌బీఎల్‌కే కమాండ్ కొట్టాను, పోర్టు మార్చాను. కంప్యూటర్ లోపలి డిస్కు తప్ప, బయట పెట్టిన యూఎస్‌బీ డిస్కు జాడ లేదు. "నేనేమీ చెయ్యలేదు" అని మీతో అన్నది అబద్ధం.

నిన్న కొత్త కేబుల్ కోసం డిస్కు పట్టుకుని సాక్చి బజారుకు వెళ్ళాను. కొట్టువాడు డిస్కుకు కేబుల్ గుచ్చే కన్నంలోకి టార్చి వేసి, "అంకల్, ఇస్‌మే చందన్ కిస్‌నే లగాయా?" అని, దీన్లో గంధం ఎవరు పెట్టారని అడిగాడు.

ఏటా విశ్వకర్మ పూజకు ఇంట్లో యంత్రాలన్నిటికీ, మిక్సీ నుంచి సైకిల్ దాకా, గంధం బొట్లు మీ అత్తయ్యే పెట్టేది. ఆమె పోయాక మొన్న 17న జరిగిందే మొదటి పూజ. నేను కన్నం కనిపించిన చోటల్లా గంధం కూరేశాను.

వాడు గీకి శుభ్రం చేశాడు. ఇంటికొచ్చి పెట్టగానే మీ లినక్స్ నోరు మూసుకుని డిస్కును చూపించింది. అందులో ఉన్న, సింహాచలం వెళ్ళినప్పుడు తీసిన వీడియో తెరిచాను. "ఏటయ్యా, ఒక్క పనీ తిన్నగా సెయ్యవేటి?" అని మీ అత్తయ్య అరిచింది.

ఆమె గొంతు ఆ ఒక్క డిస్కులోనే ఉంది. ఆ తిట్లు ఇంకో రెండు చోట్ల దాచుకునే కమాండ్ రాసి పంపండి.

మీ మామయ్య