సగం పూస

మార్చి 4

మా ఆయన పాత డైరీ ఒకటి పడేయబోతుంటే అడిగి తీసుకున్నాను. ఎందుకని అడగలేదు. నయం. అడిగితే ఏం చెప్పాలో నాకూ తెలియదు. ఐదో తరగతితో చదువు ఆగిపోయింది, రాత కూడా మర్చిపోతానేమోనని భయం. మనుషుల ముందు నాకు నోరు పెగలదు. కాగితం ముందైనా పెగులుతుందేమో చూడాలి.

పిచ్చుకకు చిగుళ్లు ఉబ్బాయి. పిచ్చుక మా పాప. ఏడు నెలలు. ఆ ముద్దుపేరు అత్తయ్య పెట్టింది. రోజంతా చొంగే. దిండు అంచు, నా భుజం, అత్తయ్య చెవికమ్మ, ఏది అందితే అది నోట్లోకి.

మార్చి 6

నేను చేసేది పసిపిల్లలు కొరికే బొమ్మల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని. చెక్క రింగు ఒకటి, దానికి దారంతో గుచ్చిన తొమ్మిది చెక్క పూసలు. వాటిని పెట్టెలో పెట్టి, పైన ఒక కాగితం మూడు మడతలు మడిచి పెట్టాలి. పాప బొమ్మ ఉన్న వైపు బయటికి, రాత ఉన్న వైపు లోపలికి. రోజుకు ఆరేడు వందలు మడుస్తాను. మా హాల్లో చప్పుడు చెయ్యని మిషన్లు రెండే ఉన్నాయంది కత్తెర అక్క. ఒకటి చెడిపోయిందట, రెండోది నేనట. దారాలు కత్తిరిస్తుంది కాబట్టి ఆమెకు ఆ పేరు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఎవరెవరి పిల్లలకో ఇన్ని పెట్టెలు కడుతున్నాను. నా పిల్ల దిండు కొరుకుతోంది. సాయంత్రం రిజెక్ట్ బుట్టలోంచి ఒకటి తీసి టిఫిన్ డబ్బాలో పెట్టుకున్నాను. రింగు మీద రంగు మరక, అంతే, ఇంకే లోపమూ లేదు. మా సూపర్‌వైజర్ మేడమ్‌ను అడగలేదు. అడగాలంటే ఆమె గదిలోకి వెళ్లాలి.

మార్చి 7

అత్తయ్య బొమ్మను వెలుతురులో తిప్పి చూసింది, వాసన చూసింది. ఆమె ఇరవై రెండేళ్లు కాన్పుల వార్డులో ఆయాగా చేసింది. అక్కడ కత్తెరలూ గిన్నెలూ మరిగించడం ఆమె పనే. ఇప్పుడు మా ఇంట్లో పాలసీసా, చెంచా, గిన్నె అన్నీ మరగాల్సిందే. బొమ్మనూ మరుగుతున్న నీళ్లలో వేసింది. మరగని వస్తువు తన మనవరాలి నోటికి పోదంది.

పిచ్చుక దాన్ని నములుతూనే నిద్రపోయింది. రెండు గంటలు లేవలేదు. మంచి వస్తువు తెచ్చావని అత్తయ్య మెచ్చుకుంది. ఆ మాట ఇంకా చెవిలోనే ఉంది.

మార్చి 15

బొమ్మ రోజుకు రెండుసార్లు మరుగుతోంది. పూసలు గరుకుదేలాయి. ఒకదాని మీద వెంట్రుకంత గీత. గోరుకు తగులుతోంది. చెప్పాలనుకున్నాను. ఇరవై రెండేళ్లు మరిగించిన మనిషికి నేనేం చెప్తాను?

మార్చి 19, సాయంత్రం ఆరు

పని నుంచి వచ్చేసరికి పిచ్చుక దగ్గుతోంది. మొహం కందగడ్డలా ఉంది. అత్తయ్య వీపు నిమురుతోంది. ఆరేసిన బట్టలు తీసుకురావడానికి అలా వెళ్లి ఇలా వచ్చిందట, ఈలోగా చొంగకే పొలమారిందట. కాసేపటికి సర్దుకుంది.

బొమ్మ తీసి చూశాను. ఎనిమిది పూసలు. దుప్పటి దులిపితే సగం పూస రాలింది. బెజ్జం దగ్గర నిలువుగా చీలింది. రెండో సగం లేదు. చాప కింద, మంచం కింద, చెత్తచేటలో, పిచ్చుక గౌను మడతల్లో వెతికాను. ఏం వెతుకుతున్నావంది అత్తయ్య. పిన్నీసు అన్నాను.

ఆ సగం నా కొంగు చివర ముడి వేసుకున్నాను.

మార్చి 20

దొరకలేదు.

మార్చి 22

పిచ్చుక గుడ్డలు ఉతికే ముందు పుల్లతో కదిపి చూస్తున్నాను. లేదు. బొమ్మ ఏదని అత్తయ్య అడిగింది. దారం తెగింది, పారేశానన్నాను. నా పెట్టెలో చీరల కింద ఉంది.

అప్పుడే చెప్పి ఉంటే అయిపోయేది. ఎలా చెప్పాలి? పెళ్లయి వచ్చిన కొత్తలో నేను జ్వరంతో పడుకుంటే నా తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్న మనిషి. ఆమెతో, నువ్వు మరిగించావు కాబట్టే పగిలింది అనాలా?

మార్చి 27

పిచ్చుక ఊపిరి తీస్తే ఈల వేసినట్టుంది. ఆస్పత్రికి తీసుకెళ్లాం. ఏమైనా మింగిందా అని డాక్టరమ్మ అడిగింది. రెండు కళ్లూ దాని మీదే ఉంటాయమ్మా, ఏం మింగుతుందంది అత్తయ్య. నా నోటి దాకా వచ్చింది. కొంగు ముడి పట్టుకుని నిలబడ్డాను. ఎక్స్‌రే తీశారు. ఏమీ కనిపించలేదు. సిరప్ రాసిచ్చారు.

కనిపించలేదంటే లేదనేగా. దారి పొడుగునా అదే అనుకుంటూ వచ్చాను.

ఏప్రిల్ 2, భోజనాల వేళ

ఇవాళ ఒక కాగితం మడవకుండా ఉంచుకున్నాను. వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివాను. నీళ్లలో మరిగించకూడదట, చెక్క పగులుతుందట. తడిగుడ్డతో తుడిచి ఆరనివ్వాలట. ఇచ్చే ప్రతిసారీ పూసలూ దారమూ లాగి చూడాలట. పగులు కనిపిస్తే వెంటనే పారేయాలట. మెడకుగానీ ఉయ్యాలకుగానీ కట్టకూడదట. నోట్లో ఉన్నంతసేపూ పెద్దవాళ్లు పక్కనే ఉండాలట.

ఈ కాగితం నా చేతుల మీదుగా ఎన్ని వేల ఇళ్లకు వెళ్లిందో. నా ఇంటికే వెళ్లలేదు. రిజెక్ట్ బుట్టలో వాటికి కాగితం పెట్టరు.

చెక్క ఎక్స్‌రేలో పడుతుందా అని కత్తెర అక్కను అడిగాను. నేను నోరు తెరిచినందుకే ముందు ఆశ్చర్యపోయింది. వాళ్ల తమ్ముడి పాదంలో పుల్ల విరిగి ఉండిపోతే ఎక్స్‌రేలో పడలేదట. కాలు చీము పట్టాక కోస్తే బయటపడిందట.

తర్వాత ఒక్క మడతా సరిగ్గా రాలేదు.

ఏప్రిల్ 3

ఆయనకు చెప్పాను. అమ్మకు తెలిస్తే తట్టుకోలేదు, సిరప్ పని చేస్తుందేమో రెండు రోజులు చూద్దామన్నారు.

సరేనన్నాను. నేనే అన్నాను ఆ మాట.

ఏప్రిల్ 5

తెల్లవారేసరికి ఒళ్లు కాలిపోతోంది. పెదవులు నీలంగా ఉన్నాయి. అత్తయ్య ఎత్తుకుని ముందు నడిచింది. టిఫిన్ డబ్బా పట్టుకుని నేను వెనక. ఇప్పుడు డబ్బా ఎందుకే అని విసుక్కుంది.

ఏమైనా మింగిందా అని డాక్టరమ్మ మళ్లీ అడిగింది. అత్తయ్య మళ్లీ లేదంది. నేను డబ్బా మూత తీశాను. నిన్న ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన తొమ్మిది పూసల కొత్త బొమ్మ బల్ల మీద పెట్టాను. పక్కన ఎనిమిది పూసలది పెట్టాను. కొంగు ముడి విప్పి సగం పూస పెట్టాను.

డాక్టరమ్మ వేలితో లెక్కపెట్టింది. అత్తయ్య పెదవులు కదిలాయి, ఆమె కూడా లెక్కపెడుతోంది. ఎన్ని రోజులైందని అడిగింది డాక్టరమ్మ. రెండు చేతులూ చూపించాను. తర్వాత ఏడు వేళ్లు.

అత్తయ్య నా వైపు తిరిగింది. "నన్ను నాలుగు తిట్టి అయినా చెప్పకపోయావా అమ్మా" అంది.

ఏప్రిల్ 6

నోట్లోంచి గొట్టం దింపి పూస రెండో సగం తీశారు. చిన్న సీసాలో వేసి చూపించారు. ఎడమవైపు ఊపిరితిత్తి చీము పట్టింది. ఇప్పుడే ఏమీ చెప్పలేమన్నారు. పెదవులు మళ్లీ ఎర్రబడలేదు.

పళ్లు వచ్చేటప్పుడు శుభ్రమైన వేలితో చిగుళ్లు రుద్దితే చాలట. చల్లటి తడిగుడ్డ ఇచ్చి దగ్గరే కూర్చోవాలట. బొమ్మే ఇవ్వాలనుకుంటే అతుకులూ పూసలూ లేనిది, గట్టి రబ్బరుతో ఒకే ముక్కగా చేసింది ఇవ్వాలట. డాక్టరమ్మ మెల్లగానే చెప్పింది. పిచ్చుక నోటి నిండా గొట్టం. చిగుళ్లు కనిపించడం లేదు.

అత్తయ్య వరండాలో నేల మీద కూర్చుంది. నర్సు మరిగించిన సామాన్ల ట్రే పట్టుకుని వెళ్తుంటే మొహం గోడకు తిప్పుకుంది. నీళ్లిస్తే తాగలేదు. ఆమె పక్కన కూర్చున్నాను. ఆమెకు ఒక మాట చెప్పాలి. ఏ మాటో తెలియడం లేదు.

ఏప్రిల్ 7, ఉదయం తొమ్మిది

సీసా అడిగి తీసుకున్నాను. రెండు ముక్కలూ కలిపి చూశాను. పైన అతికాయి. కింద గోటి కొనంత ఖాళీ ఉంది. ఆ ముక్క నా దగ్గర లేదు. సీసాలోనూ లేదు.

డాక్టరమ్మ గది ముందు నలుగురు వరసలో ఉన్నారు. నేను ఆగను.