ఆఫ్రికా చూసొచ్చిన నీ బైనాక్యులర్స్

నువ్వు లేకుండా వచ్చిన మూడో దసరా ఇది. నీ దోస్తు శంకర్ బోట్స్‌వానా సఫారీకి వెళ్లొచ్చాడు. నువ్వూ నేనూ వెళ్దామని పదేళ్లు అనుకుంటూ కూర్చున్న చోటికే. వెళ్లేముందు అతను నీ బైనాక్యులర్స్ అడిగితే కాదనలేక ఇచ్చాను. నిన్న తార్నాకలో మనింటికి తెచ్చిచ్చాడు.

"వదినా, గాడ పాలపిట్టలు చెట్టుకొకటి కూసుంటయి. ఛాతి ఊదారంగుల మెరుస్తది. మస్తుంటది!" అన్నాడు.

నవ్వుతూ ఛాయ్ ఇచ్చాను. నీ బైనాక్యులర్స్ కూడా ఆఫ్రికా చూసొచ్చాయి, నేనే మిగిలాను.

పండగ పూట పాలపిట్టను చూడాలి కదా, ఈ సాయంత్రం యూనివర్సిటీ క్యాంపస్‌కు వెళ్లాను. బైనాక్యులర్స్‌లో కుడికంటి దగ్గరి చక్రాన్ని నువ్వు నీ చూపుకు తిప్పి పెట్టుకున్నావు. నువ్వు పోయాక నేను దాన్ని ముట్టలేదు, అన్నిటినీ మసకగానే చూశాను. శంకర్ దాన్ని తన కంటికి తిప్పేసుకున్నాడు. అది నా కంటికీ సరిపోయింది. తీగ మీది పాలపిట్ట ఈకలతో సహా స్పష్టంగా కనిపించింది. నువ్వు మిగిల్చిన మసక మాత్రం లేదు.

పాలపిట్ట కోసమే వచ్చి పక్కన నిలబడ్డ అమ్మాయి, "కనవడ్డదా ఆంటీ?" అని అడిగింది.

లేదన్నాను.