పసుపు తాడున్న బటన్

గణపవరం, బుధవారం

అత్తయ్యగారికి తుంటి ఎముక విరిగింది. ఏలూరు ఆసుపత్రిలో చేర్చి, మా వారిని అక్కడే ఉంచి ఇప్పుడే ఇంటికొచ్చాను. పొద్దున్న స్నానాల గదిలో పడి ఎంతసేపు పిలిచారో! వెనక చేపల చెరువు మోటారు హోరులో నాకు వినపడనే లేదు.

నొక్కితే ఇల్లంతా మోగే బటన్ పోయిన నెలే కొన్నాం, మెడలో వేసుకునేది. తీరా చూస్తే అది మావయ్యగారి ఫోటోకి వేలాడుతోంది. కోపం ఆపుకోలేక అంబులెన్సులోనే అడిగేశాను.

"అదెందుకు తీసేశారండీ?"

మెల్లగా అన్నారు.

"దాని తాడు పసుపుదమ్మా. తడవకూడదు, స్నానానికి ముందు తీసి చేతికందేలా పక్కనే తగిలించమన్నావు కదా. మీ మావయ్యగారు పోయినప్పుడు ఒకసారి మెడలో తాడు తీసి నీళ్ళు పోశారు. రోజూ పొద్దున్నే అదే చెయ్యడం నావల్ల కాలేదు."

తాడు మార్చమని నాతో ఒక్క మాట అనలేదు. నేనూ చూసుకోలేదు.

ఇందాకటినుంచీ ఆ తాడు విప్పి నల్లది వేద్దామని చూస్తున్నాను. ఊడడం లేదు. పొడుగైందని కొన్న రోజు ముళ్ళు వేసింది నేనే.